ఫ్రెష్ వంజరం

ఆ ఉదయం లక్ష్ముడి చేతిలో ఉన్నది ఓ పాత మోపెడ్, దాని వెనక వెదురు తట్ట, తట్టలో అప్పుడే వలలోంచి తీసిన వంజరం. భుజాన వేసుకునేంత చేప. ఎచ్చెర్ల దగ్గర హైవే మీద కొత్తగా తెరిచిన హోటల్‌వాళ్లకి అది నచ్చితే రోజూ సరుకు పోసేది తనే. అప్పుడిక భార్య తాతమ్మ మోకాళ్ల నొప్పులతో, నెత్తిన తట్టతో వీధులు తిరగక్కర్లేదు.

"ఫ్రెష్ సేప కావాలన్నారంట. అంటే ఏటి మావా?" అంది తాతమ్మ.

"కొత్తదని. దీనికన్నా కొత్తది కావాలంటే సముద్రంలోనే ఉన్నాది."

హోటల్ మేనేజరు మురళీమోహన్ తట్ట మీది తడి గోనె ఎత్తి చూసి ముఖం చిట్లించాడు.

"ఐస్ ఏదయ్యా?"

"ఐసెందుకు బాబూ? ఇప్పుడే ఒడ్డుకొచ్చింది."

"పట్నంలో పెద్ద షాపులన్నీ చూశాను. ఫ్రెష్ అని బోర్డున్న చోటల్లా ఐస్ ఉంటుంది. ఐస్ లేకుండా ఫ్రెష్ ఎలా అవుతుంది? మధ్యాహ్నంలోగా సరిగ్గా పట్టుకురా."

ఒడ్డున ఐసు పెట్టేది అమ్ముడుపోని నిన్నటి సరుక్కే. ఆ సంగతి తెలిసినా, బేరం పోకూడదని లక్ష్ముడు ఐసు కొని చేపను అందులో పడుకోబెట్టాడు. తిరిగి హోటల్‌కి వస్తుంటే, ఏళ్ల తరబడి అతని దగ్గరే కొనే సుభద్రమ్మ ఎదురైంది. తట్టలోంచి కారుతున్న నీళ్లు చూసింది.

"ఒరే లక్ష్ముడూ! ఐసు సేపలు మొదలెట్టేవేటిరా? మొన్న మా అల్లుడికి తినిపించింది ఇదేనా?"

"కాదమ్మా, ఇది ఫ్రెష్ కోసం..."

"నిన్నటిదానికి ఇంగ్లీషు పేరొకటా!"

హోటల్ చేరేలోపే తాతమ్మ ఫోను. "ఏటి సేసినావు మావా? వీధిలో నన్నెవులూ పిలవట్లేదు. మొన్న తిన్న కూరకి ఒకావిడికి ఇప్పుడు కడుపునొప్పి వస్తన్నాదంట!"

హోటల్ వంటమేస్త్రి అసిరయ్యదీ సముద్రపు ఒడ్డే. ఐసు కనబడగానే గరిటె కింద పెట్టేశాడు.

"ఈ పాత సరుకు నా మూకుట్లో పడదు. ఉజ్జోగం పోతే పోనీ."

"అది ఇప్పుడేగా ఫ్రెష్ అయింది!" అన్నాడు మేనేజరు.

ఇద్దరూ గొంతులు పోయేలా అరుచుకుని, చివరికి ఒక్క విషయంలో ఏకమయ్యారు. లక్ష్ముడు వద్దు.

లక్ష్ముడు లెక్క వేసుకున్నాడు. ఐసు పెడితే మేస్త్రి పోతాడు, తీస్తే మేనేజరు పోతాడు. ఉన్నది ఒక చేప, కొనాల్సినవాళ్లు ఇద్దరు. "కొంచెం ఆగండి బాబూ, రెండు రకాలూ పెడతాను" అని హోటల్ వెనక్కి వెళ్లాడు. చేపను కడిగి, నడుం దగ్గర అడ్డంగా కోశాడు. తల సగం తడి గోనె కింద, తోక సగం ఐసులో పెట్టాడు. చల్లదనం దిగాక రెండూ తెచ్చి చూపించాడు.

అసిరయ్య చేప తల పట్టుకుని మొప్పలెత్తాడు. ఎర్రగా ఉన్నాయి. "ఇదిరా సేపంటే! ఆ ఐసుది పారబొయ్యి."

మురళీమోహన్ తోక నొక్కి చూశాడు. "ఇదయ్యా ఫ్రెష్ అంటే! ఆ గోనెలోది కుక్కకి కూడా పెట్టొద్దు."

"మాట మీద నిలబడతారా?" అడిగాడు లక్ష్ముడు. పనివాళ్లంతా చూస్తుండగా ఇద్దరూ గట్టిగా తలూపారు.

లక్ష్ముడు రెండు ముక్కలూ కత్తిపీట పక్కన చేర్చి పెట్టాడు. ముల్లుకు ముల్లు, పొలుసుకు పొలుసు అతికినట్టు కూర్చున్నాయి. గిన్నెలు తోమే ఆవిడ పకపకా నవ్వింది.

మేనేజరు దగ్గి, కాలరు సర్దుకున్నాడు. చేప బాగాలేదంటే తన మాటే తను మింగాలి. "రేపట్నుంచి సగం ఐసులో, సగం గోనెలో పట్టుకురా" అన్నాడు. అసిరయ్య మూకుడు పొయ్యి మీద పెట్టాడు.

కబురు తెలిసి, సాయంత్రం సుభద్రమ్మ తాతమ్మను వెతుక్కుంటూ వచ్చింది. "హోటలుకిచ్చే సేపే మాకూ కావాలే!"

"తట్ట దించేసినానమ్మా," అంది తాతమ్మ, అరుగు మీద కాళ్లు చాపుకుని. "కావాలంటే మీరే ఇలా రండి."

ఆనాటి లెక్కలో లక్ష్ముడికి పోయింది ఒక ఐసు దిమ్మ. మిగిలింది హోటల్ బేరం, ఇంటి ముందు గిరాకీ, ఒక ఇంగ్లీషు ముక్క. ఆ ముక్కకి అర్థమేమిటో హోటల్లో ఇంకా తేలలేదు.