ప్రభాకర్ నెట్టుకు పది అంకెల తాళం

మొయినాబాదులో ప్లాట్లు అమ్మిపెట్టే ప్రభాకర్ ఆ ఆదివారం పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే: టిఫిన్ తిని, ఇంట్లో వైర్‌లెస్ నెట్టుకు తాళం వేయించడం. తాళం లేని నెట్టులోంచి ఎవడో చెడ్డ మెయిలు పంపితే పోలీసులు ఇంటివాడినే పట్టుకుపోతారని పేపర్లో చదివాడు. రెండువేల ఎనిమిదో సంవత్సరం అది. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు లాప్‌టాపులు పట్టుకుని అతని ప్రహరీ పక్కనే కాపురం పెట్టారు మరి.

పైవాటాలో కిరాయికుండే సాయి చరణ్ తణుకువాడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగి. కిందికి దిగొచ్చి, కంప్యూటర్ని చూసి నిట్టూర్చాడు.

"ఇది బాగా పాతదండీ. కొత్తరకం తాళం దీనికి అర్థం కాదు. పాతరకం పెట్టొచ్చు గానీ, అది గట్టిది కాదు."

"నా లేఅవుట్లన్నీ దీంట్లనే ఉన్నయి తమ్మీ. పాతదే పెట్టు."

"అయితే సరిగ్గా పది అంకెలు చెప్పండి. ఎవరూ ఊహించలేనివి."

ప్రభాకర్‌కు తడుముకోకుండా వచ్చే పది అంకెల నంబరు లోకంలో ఒక్కటే. తన సెల్ నంబరు చెప్పాడు. సాయి చరణ్ వేళ్లు ఆగిపోయాయి.

"అది మీరు గోడల మీద రాయించిన నంబరు కదండీ?"

నిజమే. మొయినాబాదు నుంచి చేవెళ్ల దాకా రోడ్డు పక్కన ఏడు గోడల మీద ప్రభాకర్ పేరు, దాని కింద ఆ నంబరు, నిలువెత్తు నీలం అంకెల్లో ఉన్నాయి.

"గోడ మీదున్నదే తాళమని ఎవనికి తెలుస్తది? నువ్వు కొట్టు" అన్నాడు ప్రభాకర్. సుఖాన ఉన్న ప్రాణాన్ని దుఃఖాన పెట్టుకోవడమంటే ఇదే.

ఆ సంగతి కనిపెట్టడానికి పిల్లలకు రెండు రోజులు పట్టింది. బుధవారం నాడు పరీక్ష హాల్లో బాంబుందని ఒక కాలేజీకి మెయిలు వెళ్లింది. పరీక్ష ఆగిపోయింది. శుక్రవారం పొద్దున జీపు ప్రభాకర్ గుమ్మం ముందుకొచ్చింది.

"మెయిలు మీ ఇంట్ల నుంచే పోయింది. నెట్టుకు తాళమున్నదా?" అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

తాళం లేకపోవడమే నేరమనుకున్న ప్రభాకర్ ఛాతీ విరుచుకున్నాడు. "ఫుల్ సెక్యూరిటీ సార్. ఈగ గూడ దూరది."

"అయితే పంపింది నువ్వే."

ప్రభాకర్ వెంటనే మాట మార్చాడు. బాంబు కేసంటే బెయిలు కూడా దొరకదని విన్నాడు. "లేదు సార్, అది పేరుకే తాళం. నా ఫోన్ నంబరే పెట్టిన. బడి గోడ మీద, దవాఖాన గోడ మీద రాసున్నది. మండలమంత చూసిండ్రు."

"సర్కారు గోడల మీద రాసినవా? దానికి ఇంకో కేసైతది."

గోరుచుట్టు మీద రోకటిపోటు. గుమ్మం పక్కన కూర్చున్న అతని తండ్రి చెన్నయ్యకు నెట్టు తెలియదు, మెయిలు తెలియదు. గోడల మాట మాత్రం బాగా అర్థమైంది. కొడుకును జీపెక్కిస్తుంటే ఆయన కళ్లు తుడుచుకుని పెరట్లోకి నడిచాడు.

ఠాణాలో ప్రభాకర్ రెండు రోజులు నిద్ర లేకుండా గడిపాడు. సాయి చరణ్ వచ్చి వివరించాడు. "గోడల మీద ఆ నంబరుంటే, ఆ నెట్టు ఎవరైనా వాడుకోవచ్చు సార్. ఒక్కసారి చూడండి."

ఇన్‌స్పెక్టర్ ఆలోచించి ప్రభాకర్ వైపు తిరిగాడు. "సరే, చూపియ్యి. ఉంటే ఫోటోలు తీసుకొని బాంబు కేసు నుంచి నీ పేరు తీసేస్త."

ప్రభాకర్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. జీపు బడి ముందు ఆగింది. గోడ తెల్లగా ఉంది. దవాఖాన గోడ కూడా తెల్లగానే ఉంది. "గిక్కడనే ఉండె సార్" అన్నాడు. నాలుగో గోడ దగ్గర జీపు దిగి గోటితో గోకి చూశాడు. ఆరో గోడ ఇంకా ఆరలేదు.

ఏడోది చేవెళ్ల మార్కెట్ గోడ. నిచ్చెన మీద చెన్నయ్య ఉన్నాడు. జుట్టు నిండా, మీసాల నిండా సున్నం. గోడ మీద ఒక్క అంకె మిగిలి ఉంది.

"బాపూ, ఆపే" అంటూ ప్రభాకర్ జీపులోంచి దూకాడు.

కొడుకును చూసి ముసలాయన ముఖం విప్పారింది. "ఫికర్ జెయ్యకు బిడ్డా. రెండు రోజుల సంది తిండి గూడ తినలే. ఒక్క గోడ మీద గూడ నీ పేరు లేకుంట చేసిన" అంటూ కుంచె తిప్పి ఆ అంకెను కూడా చెరిపేశాడు.

సాక్ష్యం చెరిపేసిన రెండో ముద్దాయి పేరు కోసం ఠాణా రైటరు ఎవరినీ అడగలేదు; మొదటి ముద్దాయి తండ్రి పేరు దగ్గర అది ముందే రాసి ఉంది.