గ్లాసు దిగని నిమ్మరసం

ఆ శనివారం పొద్దున ఉదయలక్ష్మి అనుకున్న పనుల్లో తిరకాసేమీ లేదు. దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి తన రిపోర్టు జిరాక్స్ తీయించి బైండింగ్ చేయించుకోవాలి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి ఇంత పెరుగన్నం తినాలి, సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో మల్లికార్జునరావుగారి కారెక్కి తన లాబ్‌కి వెళ్ళాలి. అంతే. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సులు డిపోల్లో నిద్రపోతున్నాయి, కరెంటు పిలవని చుట్టంలా వస్తోంది, చెప్పకుండా పోతోంది. విజయవాడ నుంచి కారులో వస్తున్న ఆ పెద్దాయన దారిలో ఎక్కించుకుంటాననడమే పెద్ద వరం అనుకుంది.

ఆయన పరిశోధనలకు సొమ్మిచ్చే ఢిల్లీ సంస్థ మనిషి. ఉదయలక్ష్మి చేసిన పని చూసి బాగుందంటే అది సాగుతుంది. పెదవి విరిస్తే ఆ రోజుతో సరి. ఆమె పెట్టె సర్దుకుని సొంతూరు భీమవరం బస్సెక్కడమే, అదీ బస్సులు తిరిగినప్పుడు.

ఇంతకీ ఏం పని అంటారా? కొందరికి పుట్టుకతోనే రక్తం గడ్డకట్టే గుణం ఉండదు. మనకు కూర తరుగుతుంటే వేలు తెగిందనుకోండి, చిటికెడు పసుపు అద్దుకుని మర్చిపోతాం. వాళ్ళకు ఆ పాటి గాటే ఆసుపత్రి దాకా తీసుకుపోతుంది. అలాంటివాళ్ళ గాయం మీద వేస్తే జిగురులా పట్టుకుని రక్తాన్ని ఆపే పొడి ఒకటి చేస్తోంది ఈ పిల్ల. వెంట్రుకను నిలువునా వేల పాళ్ళు చీలిస్తే వచ్చే పోగంత సన్నం ఆ పొడిలో రేణువు. నానో అంటారట. కాస్త పులుపు నీళ్ళు తగిలాయా, ఆ రేణువులన్నీ చేతులు చేతులు పట్టుకుని ముద్దకట్టి కూర్చుంటాయి. ఏళ్ళ తరబడి కష్టపడితే ఒక్క డబ్బాడు తయారైంది.

అంతా బాగానే ఉంది గానీ, ఆ పొడి పుట్టింది రొయ్య పొట్టులోంచి.

లాబ్‌లో కరెంటు ఇంట్లోకన్నా ఎక్కువగా పోతోందని డబ్బాను ఇంటికి తెచ్చుకుంది. మేడమీద ఆమె గదిలో ఫ్రిజ్ లేదు. కింద ఇంటివాళ్ళకు ఉంది. ఇంటావిడ అనంతమ్మ మంచి మనిషే, కిరాయిదారు పిల్లను కన్నబిడ్డలా చూసుకుంటుంది. కాకపోతే కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామికి మొక్కుకుంది. శనివారం నాడు ఆ గడపలోకి కోడిగుడ్డు కూడా రాకూడదు. చేపల పులుసు ఉడుకుతున్న వీధిలోంచి నడిచొచ్చినా కాళ్ళు కడుక్కుని రమ్మంటుంది.

"పిన్నిగారూ, ఈ డబ్బా సాయంత్రం దాకా మీ ఫ్రిజ్‌లో పెట్టుకోనాండీ?"

"పెట్టు బిడ్డా, గదెంత పని. ఏందది?"

ఉదయలక్ష్మి గొంతులో రొయ్య అడ్డం పడింది. "పేషెంట్లకిచ్చే పొడండీ," అంది. అబద్ధం కాదు. అలాగని నిజమంతా కూడా కాదు.

ఆ రోజే అనంతమ్మ భర్త అంజయ్య చౌరస్తా టెంటులో రిలే నిరాహార దీక్షకు కూర్చున్నాడు. రిలే అంటే ఏమిటంటే, పొద్దున ఒక జట్టు కూర్చుంటుంది, సాయంత్రం పెద్దలొచ్చి నిమ్మరసం ఇస్తే లేచి ఇళ్ళకు పోయి అన్నం తింటుంది, మర్నాడు మరో జట్టు. అంజయ్య తాతలు ఆ కాలనీ ఉన్నచోటే జొన్న పండించారు. తిండి దగ్గర ఆయన ఇప్పటికీ రైతే. టెంటుకు బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, "పప్పు జర గట్టిగ చెయ్యి. పచ్చిపులుసుల ఉల్లిగడ్డ మస్తుగ వెయ్యి. సర్వపిండి నేనొచ్చినంక కాల్చు, సల్లారితే బాగుండదు," అని మరీ వెళ్ళాడు.

"నువ్వు దీక్షకు పోతున్నవా, దావత్‌కు పోతున్నవా?" అంది అనంతమ్మ.

టెంటుకు రోజూ నిమ్మరసం కలిపి పంపడం ఆవిడ వంతు. ఉత్త నిమ్మరసం ఇస్తే ఆవిడ మనసొప్పదు. చక్కెరతోపాటు ఇంత గ్లూకోజు కూడా వేస్తుంది. ఆ రోజు చూస్తే గ్లూకోజు అయిపోయింది, కొట్లన్నీ బంద్. ఐసు కోసం ఫ్రిజ్ తీసేసరికి ఎదురుగా డబ్బా. తెల్లటి పొడి. మూత మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. గ్లూకోజు మీదా ఇంగ్లీషే ఉంటుంది కదా. 'పేషెంట్లకు ఇచ్చేదేనాయె, పొద్దట్నించి కడుపు మాడ్చుకున్నోళ్ళు పేషెంట్ల లెక్కనే. కొట్లు తెరిచినంక పిల్లకు ఇంకో డబ్బా కొనిపిస్తే అయిపాయె' అనుకుంది. ధర్మానికి పోయే మనిషి చెయ్యి పొదుపెరగదు. డబ్బా మొత్తం బకెట్‌లో వొంపి, గరిటెతో తిప్పి, టెంటు నడిపే సీతారాములు సారు స్కూటరు మీద బకెట్‌తో సహా తానూ వెళ్ళిపోయింది.

ఉదయలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్‌లో సగం దించిన షట్టరు కిందుగా వంగి దూరి, రిపోర్టు కుట్టించుకుని, ఎండలో నడుచుకుంటూ ఇల్లు చేరేసరికి కాస్త పొద్దు వాలింది. వంటింటి గట్టు మీద పిండేసిన నిమ్మచెక్కల గుట్ట ఉంది. పక్కనే ఆమె డబ్బా శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది.

డబ్బా తిప్పి చూసింది, ఖాళీ. తరువాత రిపోర్టు అక్కడే పడేసి చౌరస్తాకు పరుగెత్తింది.

టెంటులో అప్పటికే కార్యక్రమం మొదలైంది. జట్టులో పెద్దవాడని మొదటి గ్లాసు అంజయ్యకే ఇచ్చారు. ఆయన తాగితేగాని మిగతావాళ్ళు తాగకూడదు, అదీ మర్యాద. అనంతమ్మ గరిటెతో వేస్తుంటే నిమ్మరసం ధారగా కాకుండా దబ్బున గ్లాసులో పడింది. "ఐసు మస్తుగ పట్టింది," అనుకుంది ఆవిడ. అంజయ్య టీవీ కెమెరా వైపు ఓ నవ్వు పారేసి గ్లాసెత్తాడు. వొంచాడు. ఏమీ రాలేదు. ఇంకా వొంచాడు. అడుగు ఆకాశానికి తిరిగింది గానీ నిమ్మరసం గ్లాసు దిగనంది.

సరిగ్గా అప్పుడే జనాన్ని తోసుకుంటూ ఉదయలక్ష్మి, "బాబాయిగారూ! తాగకండీ! మీకు దణ్ణం పెడతాను, ఆ గ్లాసు కింద పెట్టేయండి!" అని అరిచింది.

ఆ గొంతులో గోదావరి యాస ఎల్బీనగర్ మొత్తానికి వినిపించింది. సీతారాములు సారు చేతిలో మైకు ఊరికే ఉండే వస్తువు కాదు.

"సూసిన్రా! ఆంధ్ర బిడ్డ! మన అంజన్న ఇంట్ల కిరాయికున్న బిడ్డ! తాగొద్దంటున్నది, దీక్ష ఇడువొద్దంటున్నది! గీ బిడ్డకున్న పట్టుదల మనకు లేకపాయెనా? అంజన్న గ్లాసు ముట్టడు! తెలంగాణ వచ్చేదాంక అంజన్నది ఆమరణ దీక్ష!"

"జై తెలంగాణ!" అని రోడ్డు దద్దరిల్లింది. కెమెరా ఉదయలక్ష్మి వైపు తిరిగింది. ఎవరో ఆమె మెడలో బంతిపూల దండ వేశారు, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అంజయ్య పక్కనే కూర్చోబెట్టారు. వెనక కూర్చున్న జట్టువాళ్ళు ఆకలి చూపులతో ఆమెను కాల్చేస్తున్నారు. అంజయ్య మొహం మాత్రం చూడాలి. కాలబోయే సర్వపిండి కళ్ళముందే చల్లారిపోయినట్టు ఉంది.

"బిడ్డా," అన్నాడు పెదాలు కదపకుండా, "నీకు నేనేం అన్యాయం చేసిన్నే?"

"అది నా పొడి బాబాయిగారూ. పిన్నిగారు తెలియక కలిపేశారు."

"ఏం పొడి? ఇసమా?"

"విషం కాదండీ బాబూ."

"ఇసం గాకుంటే తాగనియ్యరాదే!"

"అది చెప్పలేనండీ. ఇవాళ శనివారం."

శనివారానికీ నిమ్మరసానికీ ఏం సంబంధమో అంజయ్యకు అంతుపట్టలేదు. ఈలోగా అనంతమ్మ కళ్ళు తుడుచుకుంటూ చుట్టూ ఉన్న ఆడవాళ్ళతో, "మా ఇంటాయన గింత గట్టోడని గిన్నేండ్ల సంసారంల నాకే ఎరుక లేదు. ఆయన తినంది నేను తింటనా? ఇంట్ల వండిన పప్పు, పచ్చిపులుసు తెచ్చి ఈడ అందరికీ పంచుండ్రి," అంది. పంచారు. తన పచ్చిపులుసును ముక్కూ మొహం తెలియనివాళ్ళు జుర్రుతుంటే అంజయ్య చూడలేక కళ్ళు మూసుకున్నాడు. ధ్యానంలో ఉన్నాడని జనం ఆయన కాళ్ళకు మొక్కారు.

ఆమరణ దీక్ష మాట మలక్‌పేట దాకా పాకింది. చూడ్డానికి వచ్చినవాళ్ళతో చౌరస్తా నిండిపోయి విజయవాడ రోడ్డు మీద బండి కదలడం ఆగిపోయింది. ఆ ఆగినవాటిలో మల్లికార్జునరావుగారి కారు కూడా ఉంది. ఆయన ఎంతసేపని కూర్చుంటారు? దిగి, చెమట తుడుచుకుంటూ నడిచొచ్చి టెంటులోకి తొంగి చూశారు. తాను ఎక్కించుకోవాల్సిన పిల్ల బంతిపూల దండతో దీక్షలో కూర్చుని ఉంది.

"ఉదయలక్ష్మీ! నువ్వు పరిశోధన మానేసి ఇందులో చేరావా?"

"లేదు సార్..." అని లేచింది.

"చూడమ్మా, ఇక లాబ్‌కి వెళ్ళే టైము లేదు. నేను విమానం అందుకోవాలి. నీ దగ్గర ఉన్నదేదో ఇక్కడే చూపించు. లేదంటే చూడలేదని రాసుకుంటాను."

చూడలేదని రాశారంటే అంతా అయిపోయినట్టే. ఉదయలక్ష్మి బకెట్ వైపు చూసింది, అనంతమ్మ వైపు చూసింది. ఇల్లు పోతే మరో ఇల్లు దొరుకుతుంది, ఆ పొడి మళ్ళీ దొరకదు. ఆమె ఏదో ఉపన్యాసం ఇస్తుందని సీతారాములు సారు అప్పటికే మైకు తెచ్చి నోటిముందు పెట్టాడు.

"ఆ బకెట్‌లో ఉన్నదే సార్ నా పొడి. నిమ్మరసం పులుపుకి అలా గడ్డకట్టింది," అంది. గొంతు చౌరస్తా అంతా మోగింది. "దాన్ని రొయ్య పొట్టుతో చేశాను."

జనం బకెట్‌కు దూరంగా జరిగారు. మల్లికార్జునరావుగారు ఒక్కరే చొక్కా చేతులు మడుచుకుని బకెట్ దగ్గరికి వెళ్ళారు. వేలితో నొక్కారు. ఓ ముద్ద తీసి సాగదీశారు. తరువాత రెండు చేతులా బకెట్ ఎత్తి తలకిందులుగా పట్టుకున్నారు. చుక్క రాలలేదు.

"మిగతావాళ్ళంతా నాకు గాజు గిన్నెలో చెంచాడు చూపించారు," అన్నారాయన. "ఎండలో, ఇంత చక్కెర వేసి, గరిటెతో కలిపితే కూడా ఉండ కట్టకుండా ఇలా పట్టుకుందంటే ఇంక నాకు చూడాల్సింది ఏముంది? పని ఆపకు. నీ సొమ్ము వస్తుంది." అని బకెట్ దించి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళడిగారు.

ఉదయలక్ష్మికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అంతలోనే అనంతమ్మ లేచి నిలబడింది.

"శనివారం పూట నా ఫ్రిజ్‌ల రొయ్యలు పెట్టినవా?"

"తప్పే పిన్నిగారూ. చెబితే ఒద్దంటారని..."

"చెప్తే పక్కింట్ల పెట్టిస్తుంటి గదనే! ఒక్క మాటకు గీ ఊరంతటిని పరేషాన్ చేస్తివి. ఇంటికి నడువు, ఫ్రిజ్ నువ్వే కడుగుతవ్ పసుపు నీళ్ళతోని." అని తిట్టి, ఆ చేత్తోనే ఆ పిల్ల మొహం మీది చెమట కొంగుతో తుడిచింది.

ఇంతసేపూ నోరు తెరుచుకుని కూర్చున్న అంజయ్యకు అప్పుడు తెలివొచ్చింది. మైకు ఇంకా ఆయన పక్కనే ఉందన్న సంగతి మాత్రం తెలియలేదు.

"రొయ్యలా?" అన్నాడు. "గదేందో జర ముందుగాల చెప్పొద్దా! గ్లాసుల చెంచా పెట్టి తింటుంటి గద!"

ఆ మాట చౌరస్తా నాలుగు దిక్కులా వినిపించింది. ముందు ఎవరో ఒకరు నవ్వారు, ఆ తరువాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. సీతారాములు సారు మైకు గుంజుకుని, ప్రజల కోరిక మీద అంజన్న ఆమరణ దీక్ష విరమిస్తున్నాడని ప్రకటించాడు. కొబ్బరిబోండాలు తెప్పించి జట్టుకంతా తాగించారు. అంజయ్య నీళ్ళు తాగి, లోపలి కొబ్బరి గీరించుకుని తిని, పక్కవాడిది కూడా తిన్నాడు.

మర్నాడు కూర్చోవలసిన జట్టువాళ్ళు తెలంగాణ కోసం ప్రాణాలకైనా సిద్ధమే అన్నారు, నిమ్మరసం ఎవరింటి నుంచి వస్తుందో మాత్రం ముందే చెప్పమన్నారు.