ప్లస్సుకు ప్లస్సు

"సూర్యుడికి పార్టీ లేదు. మనకూ ఉండరాదు."

1984 చలికాలంలో, నాపరాళ్లు పరిచిన వేదిక మీద ఈ మాట అని, మంత్రిగారు బంట్వారం దగ్గరి ఒక పల్లెకు ఎండతో నడిచే నీళ్ల మోటారు ప్రకటించారు. వికారాబాద్ నాయకుడు బిచ్చయ్య లేచి ఎనిమిది సోలార్ పలకలు విరాళమిచ్చాడు. తాండూరు నాయకుడు నర్సప్ప అంతకన్నా ఎత్తుగా లేచి మరో ఎనిమిది ఇచ్చాడు. రెండు వరుసలుగా పెడితే పార్టీలో రెండు వర్గాలున్నాయని లోకం పొరబడుతుంది గనుక, పదహారింటినీ ఒకే హారంగా కలపాలని మంత్రిగారు సెలవిచ్చారు.

చప్పట్లు కొట్టనివాడు ఇంజనీరు ఫరీద్ ఒక్కడే. మోటారు పెట్టె రెండు వందల వోల్టులకు మించి తట్టుకోదు. ఒకదాని వెనక ఒకటి కలిపితే పలకల వోల్టులన్నీ కూడుతాయి. ఎనిమిదితో నీళ్లొస్తాయి, పదహారుతో పెట్టె మాడుతుంది. మాడితే వేసవంతా ఈ పల్లె ఆడవాళ్లు వాగుకే నడవాలి. అంతా సవ్యమని సంతకం చేయవలసింది మాత్రం అతనే.

"సార్, ఎనిమిదే పెడదాం. చలి పొద్దుల వోల్టేజీ ఇంకా పెరుగుతది."

"ఎవరి ఎనిమిది?" అన్నారు మంత్రిగారు.

"చెరి నాలుగు..."

"సగం ఇజ్జతా!" అన్నాడు నర్సప్ప. ఈ ఒక్క విషయంలో బిచ్చయ్య ఆయనతో ఏకీభవించాడు.

ప్రారంభోత్సవం నాటికి హారం మధ్యలో ఒక్క ముడి మిగిలింది.

"బిచ్చయ్యగారి ప్లస్సుకు నర్సప్పగారి మైనస్..." అని వైరు అందుకున్నాడు ఫరీద్.

"నేను మైనస్‌నా?" నర్సప్ప తువాలు దులిపాడు.

"పోనీ, మీ ప్లస్సుకు బిచ్చయ్యగారి..."

"ఆగాగు ఫరీద్ సాబ్! గిందుకా నన్ను పిలిచింది?" అన్నాడు బిచ్చయ్య.

మంత్రిగారు క్షణం కళ్లు మూసుకున్నారు. సమత్వం తెలిసినవారు. "ప్లస్సుకు ప్లస్సు కలపండి. ఇద్దరూ పెద్దవాళ్లే."

"సార్, ఎదురెదురు కలిపితే ఒకరి బలాన్ని ఒకరు తినేస్తరు. మిగిలేది..."

ఫరీద్ ఆగిపోయాడు. మిగిలేది సున్నా. సున్నా రెండు వందలకు లోబడే ఉంది. హద్దు దాటకపోవడమే ధర్మమైతే, కదలకపోవడం కన్నా గొప్ప ధర్మం ఏముంది?

కలిపాడు. మీటరు ముల్లు సున్నా మీద స్థితప్రజ్ఞురాలిలా కూర్చుంది. 'వోల్టేజీ పరిమితిని మించలేదు' అని రాసి సంతకం చేశాడు. అందులో అబద్ధం కోసం అతనే వెతికాడు, దొరకలేదు.

మంత్రిగారు మీట నొక్కారు. చప్పట్లు మోగాయి. గొట్టం మోగలేదు.

ముందు నిలబడ్డ ఎంకమ్మ బిందె దించి అడిగింది. "నీళ్లేవి సారూ?"

"పెట్టె మాడిందా తల్లీ?" అన్నారు మంత్రిగారు.

"లే."

"అదీ అభివృద్ధి."

ఆమె ఫరీద్ వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు కొడుకా, ఏం జేస్తే వస్తయి?"

"ఒకరి పలకలు తీసేస్తే వస్తయి అవ్వా."

"గంతేనా? మరి ఎవరియి తీస్తరు?"



ప్రశ్నలోని లోతును మంత్రిగారు మెచ్చుకున్నారు. దాన్ని పరిశీలించడానికి అక్కడికక్కడే కమిటీ వేశారు: వికారాబాద్ నుంచి ఎనిమిది మంది, తాండూరు నుంచి ఎనిమిది మంది. కుర్చీలు ఎదురెదురుగా వేయించమన్నారు.