చీఫ్ కాలేజీలో పొయ్యి

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఫోన్లు బోర్లా పెట్టండి. ఇది గొప్పవాళ్ల సంగతి, సగం చెవితో వినేది కాదు.

రాష్ట్ర రుచుల అభివృద్ధి సంస్థ అని ఒకటుంది. దాని చైర్మన్ దశరథం గారు. సుల్తానాబాద్ సభలో ఆయన మైకు పట్టుకుని, "వంట నేర్చుకోనీకె మన పిల్లలు ఫారిన్ ఎందుకు పోవాలె? గీడనే వరల్డ్ క్లాస్ కాలేజీ పెడ్తున్న. ఒక్కొక్కర్ని చెఫ్‌ను చేస్త!" అని ప్రకటించారు. చప్పట్లు కరెంటు పోయినా ఆగలేదు.

ఆయన కుడిభుజం ఓంప్రకాశ్. సారు ఇంగ్లీషు పలుకు కొంచెం మొద్దుబారిందనీ, దాన్ని దిద్దడం తన ధర్మమనీ అనుకున్నాడు. తెల్లారేసరికి బస్టాండు నుంచి రైస్ మిల్లుల దాకా ఫ్లెక్సీలు లేచాయి: 'చీఫ్ ట్రైనింగ్ కాలేజీ. రండి, చీఫ్ కండి!'

మన కోమల కథ ఇక్కడే మొదలవుతుంది. పెళ్లికి పోతే అందరూ పెళ్లికూతుర్ని చూస్తారు. ఈ పిల్ల మాత్రం టెంటు వెనక్కి పోయి, బగార అన్నానికి ఎసరు ఎంత పోశారో చూసి వచ్చేది. కరీంనగర్‌లో ఒక వంట కాలేజీ చూసుకుంది. గేటు దగ్గరికే తాలింపు ఘాటు వచ్చి తుమ్ము వచ్చిందట. "ఇదే నా కాలేజీ" అనుకుంది. సీటు మర్నాడు సాయంత్రం దాకా ఆపుతామన్నారు.

తల్లి మంజుల ఒప్పుకోలేదు. "సారు మన ఇంటి ముంగటనే కాలేజీ పెడ్తుంటే కరీంనగర్ దాకా ఎందుకే? ఫీజు గూడ లేదాయె. గీడ సీటు రాకుంటెనే ఆడికి పోదువు."

"గీడ పొయ్యి ఉంటదా అవ్వా?"

"వంట కాలేజీల పొయ్యి లేకుంట ఉంటదా బిడ్డా!"

మర్నాడు పొద్దున్నే తల్లీబిడ్డలు చీఫ్ కాలేజీకి పోయి చూస్తే లైను రోడ్డు దాకా ఉంది. పిల్లలు ఒక్కరూ లేరు. అందరూ తెల్లచొక్కాలు, మెడలో కండువాలు. మండల అధ్యక్షులు, మాజీ సర్పంచులు, రేపో మాపో మాజీలు కావలసినవాళ్లు. అందరూ ఓంప్రకాశ్‌ను అడుగుతున్నది ఒక్కటే.

"కుర్చీ ఏది?"

కోమల కూడా అడిగింది. "అన్నా, పొయ్యి ఏది?"

ఓంప్రకాశ్ ఆ పిల్లను జాలిగా చూశాడు. "పొయ్యి సెకండ్ ఫేజ్‌ల వస్తది చెల్లె. ఫస్ట్ ఫేజ్ మొత్తం కుర్చీలే."

లోపల చైర్మన్ గారు లైను చూసి మురిసిపోయారు. చిన్న అనుమానం మాత్రం వచ్చింది. "నేను చెఫ్ అన్ననా, చీఫ్ అన్ననా?"

"జనం ఏది విన్నరో గదే అన్నరు సార్" అన్నాడు లోపలికి వచ్చిన ఓంప్రకాశ్.

ప్రజాస్వామ్యం అంటే అంత గౌరవం ఆయనకు. ఇంటర్వ్యూలు మొదలయ్యాయి.

మాజీ సర్పంచ్ అంతయ్య మొదట వచ్చాడు. "చీఫ్ అయితే మొదలు ఏం చేస్తవ్?"

"మీ కాళ్లు మొక్కుత."

"తర్వాత?"

"అప్పటికి మీరే ఉంటె మళ్ల మొక్కుత."

నిజాయితీ మెచ్చి సీటిచ్చారు. అట్లా అందరికీ వచ్చింది. చివరికి కోమల వంతు. సీటు ఎక్కడ వస్తుందోనని ఆ పిల్ల భయం. అబద్ధం చెప్పి తప్పించుకోవడమూ చేతకాదు.

"చీఫ్ అయితే మొదలు ఏం చేస్తవ్ బిడ్డా?"

"నిప్పు పెడ్త సార్."

చైర్మన్ గారి చేతిలో చాయ్ ఒలికింది. "పెద్ద మంటనా?"

"లే సార్, సన్నమంట. పైకి ఏం కనవడది. అడుగు నుంచి ఉడుక్కుంట వస్తది."

ఓంప్రకాశ్ లేచి తలుపు మూశాడు.

"తర్వాత?"

"మూత పెడ్త. లోపలి ఆవిరి బయటికి పోవద్దు గద. నడుమ నడుమ అందర్ని కలుపుకుంట పోవాలె. ఉల్లిగడ్డను, మిరపకాయను, ఎవరు ఒక్క దిక్కు జమైనా అడుగంటుతది."

"మరి పెద్ద ముక్కలుంటె?"

"పెద్దయి ముందుగాల కోసెయ్యాలె సార్. లేకుంటె చిన్నయి ఉడకయి."

చైర్మన్ గారు మెడ తడుముకున్నారు. "కరివేపాకు సంగతేంది?"

"వాసన దిగినంక పక్కకు తీసిపెడ్తరు సార్."

ఇప్పటికి రెండు పార్టీలు ఆయనను అట్లాగే తీసి పెట్టాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "గిదంతా ఎవరు నేర్పిండ్రు నీకు?"

"మా అవ్వ."

తలుపు సందులోంచి మంజుల దండం పెట్టింది. ఆ దండం చూసి ఆయన ఇంకా హడలిపోయారు. ఓంప్రకాశ్‌ను దగ్గరికి లాక్కుని, "గీ తల్లీబిడ్డలు ఈడుంటె మనం ఉండం. పిల్ల కరీంనగర్‌ల సీటున్నదని అప్లికేషన్ల రాసింది గద? ఫీజు మన సంస్థే కడ్తదను. ఇప్పుడే బస్సెక్కియ్యి. బస్సు కదిలేదాక నువ్వు కదలకు" అన్నారు.

ఓంప్రకాశ్ బస్టాండు దాకా పరుగెత్తి కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపాడు. మర్నాడు పేపర్లో 'పేదింటి ప్రతిభకు చైర్మన్ చేయూత' అని పడింది. ఫోటోలో ఆయన నవ్వుతూ బస్సుకు టాటా చెబుతున్నారు. అంత నిండుగా నవ్విన ఫోటో ఆయనది ఇంకొకటి లేదు.

కరీంనగర్‌లో కోమల మొదటి రోజే చెయ్యి కాల్చుకుంది. ఆ మచ్చను కొత్త గాజులా తల్లికి చూపించి మురిసింది.

తర్వాత కొన్ని నెలలకు చీఫ్ కాలేజీ ప్రారంభోత్సవానికి పిలుపొచ్చింది, 'మా పూర్వ విద్యార్థిని' అని. ఒక్క రోజు కూడా చదవని కాలేజీ అంత ప్రేమగా పిలిస్తే పోకుండా ఎట్లా ఉంటారు? తల్లీబిడ్డలు పోయారు. హాలు నిండా కుర్చీలు, కుర్చీకొక చీఫ్. వేదిక మీద మాత్రం చైర్మన్ గారు అందరికంటే ఎత్తుగా, శాలువా కప్పిన పెద్ద ఆసనం మీద కూర్చున్నారు. కాళ్లు నేలకు అందడం లేదు.

పాత అలవాటుగా కోమల ఓంప్రకాశ్‌ను అడిగింది. "అన్నా, పొయ్యి వచ్చిందా?"

"వచ్చింది చెల్లె! నాలుగు బర్నర్లది, ఫారిన్ మాల్."

"ఏడున్నది?"

"మెల్లగ మాట్లాడు. సారు దాని మీదనే కూసున్నడు. చీఫ్‌లందరు ఒకటే తీరు కుర్చీలు కావాలన్నరు. సారుకు ఎత్తుది అదొక్కటే దొరికింది."

అప్పుడే చైర్మన్ గారు మైకు అందుకున్నారు. "ఇది జనం ఇచ్చిన స్థానం. ప్రాణం పోయినా దిగ!"

చప్పట్ల మధ్య మంజుల శాలువా అంచు కింద మెరుస్తున్న నాబ్‌లను పరికించి చూసింది. "తమ్మీ, గ్యాస్ కనెక్షన్ ఇచ్చిండ్రా?"

"అప్లికేషన్ పెట్టినం అక్కా. సారే పట్టువట్టి తిరుగుతుండు."

ఇదీ సంగతి. గుర్తుంచుకోండి, పది మందికి చెప్పండి, ఉల్లిగడ్డ దగ్గర్నుంచి ఒక్క ముక్క పోకుండా చెప్పండి. గ్యాస్ ఆఫీసులో మీకు తెలిసినవాళ్లుంటే మాత్రం వాళ్లకు ముందుగా చెప్పండి.