యుద్ధం ఎక్కడ జరిగితేనేం?

చరిత్రకెక్కిన యుద్ధం ఏ చోట జరిగిందో సరిగ్గా తెలియకపోవడం ఏ ఊరికైనా మహాభాగ్యం! నవ్వకండి. మా ఊళ్లో ఒకే యుద్ధం మూడు చోట్ల జరిగింది. కొండ మీది కాలనీలో ఒక స్తూపం, కాలేజీ వెనక ఒకటి, బస్టాండు పక్కన ఇంకొకటి. ఏటా మూడు సభలు, మూడు మైకులు, దండలకైతే లెక్కే లేదు. యుద్ధం ఒక్కచోటే జరిగి ఉంటే ఇంత అభివృద్ధి సాధ్యమయ్యేదా?

ఇంత చక్కటి ఏర్పాటులో వేలు పెట్టిన మనిషి మా చరిత్ర మేష్టారు. రిటైరయ్యాక హాయిగా పేపరు చదువుకుంటూ కూర్చోక, అసలు చోటు తేలుస్తానన్నారు.

ఆయన్ని తొలిచిన పురుగు చిన్నదే. ఓడినవాళ్ల గుర్రాలు బురదలో దిగబడిపోయాయని పాత రాతలన్నీ చెబుతాయి. స్తూపాలేమో మూడూ రాతినేల మీదున్నాయి. "రాతి మీద బురదెక్కడిదండీ?" అని కనిపించినవాళ్లనల్లా అడిగారు. ఎవరూ చెప్పకపోయేసరికి, గొడుగేసుకుని వాననీళ్లు ఎటు పారితే అటు నడిచారు. నీళ్లన్నీ ఆయన్ని ఒకేచోటికి తీసుకెళ్లాయి. ఊరి చెత్తంతా పోసే పల్లానికి!

అక్కడ మురుగు పైపు కోసం గొయ్యి తవ్వుతున్నారు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని మేష్టారు అందులోకి దిగారు. ప్లాస్టిక్ సంచుల పొర కింద నల్ల బంకమట్టి. మట్టిలో తుప్పుపట్టిన బల్లెపు మొనలు, కళ్లేల ముక్కలు. ఆ పక్కనే ఎముకలు. ఏ దవడ చూసినా పళ్లు ఇంకా అరగనేలేదు. తన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చునే కుర్రాళ్ల ఈడు.

ఇంటికొస్తే, నర్సుగా చేసి రిటైరైన భార్య గుమ్మం బయటే నీళ్లు పెట్టింది.

"ముందు కాళ్లు కడుక్కోండి. దొరికిందా?"

"దొరికింది."

"మరి ఆ మొహమేంటి?"

"అంతా పిల్లలేనే. పసివాళ్లు."

ఆవిడ గుమ్మం దిగొచ్చి తనే చెంబుతో ఆయన కాళ్ల మీద నీళ్లు పోసింది.

మర్నాడు పొద్దున్నే బావమరిది ఊడిపడ్డాడు. "బావా, నీకేమైనా మతిపోయిందా? బస్టాండు పక్కన ‘రణభూమి లాడ్జి’ అని ఇంతెత్తు బోర్డు పెట్టుకున్నాను. ఇప్పుడు ‘చెత్తకుప్ప లాడ్జి’ అని మార్చుకోమంటావా? అక్కా, నువ్వైనా చెప్పవే!"

"మీ ఇంటికి తగిలించుకో ఆ రణభూమి బోర్డు" అంది అక్క. "నువ్వూ మీ ఆవిడా ఉన్నంతకాలం ఆ పేరుకి ఢోకా లేదు."

మునిసిపల్ హాల్లో మీటింగు పెట్టారు. ఎన్నడూ ఒకరి మొహం ఒకరు చూడని మూడు పేటలవాళ్లూ ఆ రోజు భుజం భుజం రాసుకుంటూ వచ్చారు, మేష్టారి మీదకి! ఊరిని ఏకం చేయడంలో నిజానికున్న శక్తి చూశారా?

ఛైర్మన్ ఒకప్పుడు మేష్టారి దగ్గర చదువుకున్నవాడే. లేచి చేతులు కట్టుకున్నాడు. "మేష్టారూ, మీ మాట కాదనే ధైర్యం నాకు లేదు. ఒక్కటి చెప్పండి. వీరులు అక్కడున్నారని ఒప్పుకుంటే, రేపట్నుంచి చెత్తెక్కడ పోయించను?"

"యుద్ధం సంగతి వదిలెయ్ నాయనా. ఆ ఎముకలైనా తీసి, ఇంకోచోట మట్టి చెయ్యనివ్వు."

"తీస్తే ఉన్నట్టే కదండీ!"

హాలంతా చప్పట్లు. సాయంత్రానికల్లా గొయ్యి పూడ్చేశారు. పైపుని ఇంకో పక్కనుంచి తిప్పారు.

ఇకముందు ఎవరికీ అనుమానం రాకూడదని మునిసిపాలిటీవారు కొత్త బోర్డులు కూడా పెట్టారు. ఎవరూ చావని మూడు చోట్లా ‘వీరులు ఒరిగిన పుణ్యభూమి. ఇచ్చట చెత్త వేయరాదు’ అని. ఆ పల్లం దగ్గర మాత్రం ‘చెత్త ఇచ్చటనే వేయవలెను’ అని.

బుద్ధిమంతులందరూ పాటిస్తున్నారు, ఒక్క మేష్టారు తప్ప! చెత్తబండి వచ్చి ఎంతసేపు ఈల వేసినా ఆయన గేటు తియ్యరు. అదేమిటండీ అంటే, ఆ పిల్లల నెత్తిన పొయ్యడానికి చేతులు రావడం లేదంటారు. పెరట్లో బుట్టలు నిండి పొర్లుతున్నాయి. పక్కింటివాళ్లు ముక్కు మూసుకుని ఫిర్యాదు చేశారు. ఆయన మీద కఠినచర్య తీసుకోవాలని ఈ కాలమ్ ద్వారా నేనూ గట్టిగా కోరుతున్నాను.

మరి ఊరుకుంటామా? ఇంత శుభ్రమైన ఊళ్లో కంపు కొడుతున్న ఇల్లు అదొక్కటే!