మోకాళ్ళ నూనె, మడత కుర్చీ

ఆ ఆదివారం పొద్దున గుమాస్తాగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లల తల్లిదండ్రులకు ఒక సందేశం పంపడం, భార్య చేత మోకాళ్ళకు నూనె రాయించుకోవడం, ఆపైన ఒక కునుకు తీయడం. మర్నాడు బడికి తనిఖీ అధికారి వస్తున్నారు. ఇన్నేళ్ళూ ఇలాంటి కబురును ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో కాగితం మీద రాసి గేటుకు అంటించేవారు. హెడ్మిస్ట్రెస్ మాత్రం గేటుకు కాలం చెల్లిందని ప్రకటించి, ఆయన ఫోనులో కొత్త యాప్ ఒకటి వేయించారు. నోటితో చెబితే చాలు, అదే రాసుకుంటుంది. మాట ఆపగానే అదే నాలుగు వందల ఇళ్ళకూ పంపేస్తుంది.

బడిలో ఫోనుతో ఒక్కొక్కరిది ఒక్కో వరస. కొత్త మోడల్ వచ్చిందని వింటే చాలు, లెక్కల టీచరు చేతిలోదాన్ని సవతిని చూసినట్టు చూస్తారు. డ్రిల్లు మాస్టారు సందేశం వచ్చిన చప్పుడు వినగానే ఫోను చెవికి ఆనించి హలో అంటారు. గుమాస్తాగారికి ఆపాటి చనువు కూడా లేదు. దాన్ని మంచం మీద పెట్టి, బెత్తెడు దూరంగా కూర్చుని, గొంతు సవరించుకున్నారు.

"రేపు బడిలో తనిఖీ ఉంది. పిల్లలందరూ ఎనిమిదింటికల్లా రావాలి."

సరిగ్గా అప్పుడే భార్య నూనె గిన్నెతో వచ్చి, ఇవాళ ఎంత రాయమంటారని సైగ చేసింది.

"మోకాళ్ళకి బాగా పట్టించాలి. పైన పాత తువ్వాలు చుట్టాలి, లేకపోతే మరకలవుతాయి," అన్నారాయన.

ఫోను టింగుమంది.

పావుగంటకు డ్రిల్లు మాస్టారు ఫోను చేశారు. వాళ్ళమ్మాయి కూడా ఆ బడిలోనే చదువుతోంది. "గుమాస్తాగారూ, అడక్కూడదు గానీ, పిల్లల మోకాళ్ళకి నూనె వేడి చేసి రాయాలాండీ, మామూలుగా రాస్తే చాలా?"

తన మోకాళ్ళ మాట కూడా అందరికీ వెళ్ళిపోయిందని గుమాస్తాగారికి అప్పుడు అర్థమైంది. చేసిన తప్పు దిద్దుకుందామని లేచి నిలబడి మళ్ళీ ఫోను నొక్కారు. "ఇందాకటి సందేశంలో ఒక పొరపాటు జరిగింది," అన్నారో లేదో, నూనె కాళ్ళు సర్రున జారాయి. గోడ పట్టుకుని భార్యను కేకేశారు. "ఒక కుర్చీ పట్టుకురా. మడత కుర్చీ అయినా ఫరవాలేదు."

టింగు.

ఈసారి ఫోన్లు వరదలా వచ్చాయి. కుర్చీ సంగతి సరే, పెద్దవాళ్ళని పట్టుకుని 'రా' అనడమేమిటని ఒక తండ్రి నిలదీశాడు. హెడ్మిస్ట్రెస్‌కు చెప్పుకుందామంటే ఆవిడ ఫోను పొద్దుటి నుంచి కొత్త అప్‌డేట్ కోసం చక్రం తిప్పుతూ కూర్చుంది. ఇంకో సందేశం పంపే ధైర్యం లేక గుమాస్తాగారు ముసుగుతన్ని పడుకున్నారు.

సోమవారం ఎనిమిదింటికి నాలుగు వందల మంది పిల్లలు, ఒక్కరూ మిగలకుండా, కాళ్ళకు తువ్వాళ్ళు చుట్టుకుని, నెత్తిన కుర్చీలతో చీమల బారులా గేట్లోకి వచ్చారు. ఆరో తరగతి పిల్ల ఒకతి పడక కుర్చీనే తెప్పించింది. అందులోంచి లేవనని తాతగారు భీష్మించుకోవడంతో, వాళ్ళ నాన్న, బాబాయి ఆయనతో సహా మోసుకొచ్చారు. హెడ్మిస్ట్రెస్ అప్పుడే గేటు దగ్గరికి వచ్చారు. ఆవిడ వెనకాలే తనిఖీ అధికారి కారు దిగారు.

గుమాస్తాగారు వరండాలో ఉన్న బీరువా చాటుకు చేరి, ఉన్న ఉద్యోగానికి మనసులోనే నమస్కారం పెట్టుకున్నారు. అధికారి మైదానమంతా కలయదిరిగి, ఒక తువ్వాలు ఎత్తి చూసి, నిగనిగలాడే మోకాలి మీద వేలితో తడిమి, ఈ పని ఎవరిదని అడిగారు. హెడ్మిస్ట్రెస్ క్షణం ఆలస్యం చేయకుండా బీరువా వైపు చూపించారు.

"పదమూడు బళ్ళు తిరిగానండీ. బడి పంపిన సందేశం చదివిన తల్లిదండ్రులు ఒక్కచోటా కనబడలేదు. ఇక్కడ నూనె రాయమంటే రాశారు, కుర్చీ తెమ్మంటే తెచ్చారు," అంటూ అధికారి వచ్చి గుమాస్తాగారి చెయ్యి పట్టుకుని ఊపేశారు. "మిగతా బళ్ళకి కూడా మీరే వెళ్ళి నేర్పాలి."

మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు చేతికి వచ్చింది. పదమూడు బళ్ళకూ ఫోను సందేశాల శిక్షకుడు గుమాస్తాగారే.

ఈ శుభవార్త భార్యకు చెప్పడానికి ఆయన ఫోను జేబులోంచి తీయకుండా ఇంటిదాకా నడిచి వెళ్ళారు.