మేరీమాత నాణెం, డజను గుడ్లు

పోయిన భార్య తన నాణేన్ని అవమానించింది. గడియారాలు బాగుచేసి రిటైరైన ఒక పెద్దాయన దృష్టిలో ఇది రుజువైన నేరం. కొన్న రోజునే ఆవిడ దాన్ని అరచేతిలో ఎగరేసి "తగరం" అంది. "నీ పుట్టింటి వెండి చెంచా సత్తు" అని ఆయనా అన్నాడు. ఇరవై రెండేళ్ల వాదన తేలకుండానే ఆవిడ పోయింది. దాన్నీ ఆయన క్షమించలేదు.

ఆయన లెక్కలో అది వెయ్యేళ్ల నాటి బైజాంటియం సామ్రాజ్యపు వెండి నాణెం. ఒకవైపు చేతులెత్తి నిలబడ్డ మేరీమాత, రెండోవైపు కత్తి పట్టిన చక్రవర్తి. రెండువైపులా పాతబడ్డ నలుపు. ఈ రోజు పదకొండింటికి మ్యూజియం నిపుణురాలు వచ్చి, అసలుదో కాదో రాసిస్తుంది. ఆ కాగితాన్ని భార్య ఫొటో కింద అంటించడానికి ఆయన పొద్దున్నే జిగురు కూడా తెచ్చుకున్నాడు.

తొమ్మిదింటికి పెట్టె తెరిచి, నోరు కూడా తెరిచాడు. నాణెం తళతళలాడుతోంది. మేరీమాతకు ముక్కు లేదు.

"నేనే మామయ్యా!" అంది పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే కోడలు, మురిసిపోతూ. "కట్టుడు పళ్లకి మెరుగుపెట్టే మిషను మీద రెండు నిమిషాలు పట్టాను. ఎంత గార పట్టిందో!"

"గార కాదే తల్లీ, అది దాని వయసు!"

"మనింటికి ఎవరైనా వస్తుంటే మనం మొహం కడుక్కోమూ?"

నాణేలు పోగుచేసేవాళ్లకు ఒక కిటుకు తెలుసు. ఉడికిన గుడ్డు చిదిమి, వెండితో పాటు డబ్బాలో మూతపెడితే అది నల్లబడుతుంది. చేతికందిన చెంచాతో ఒక గుడ్డు చిదిమి, పక్కన నాణెం పెట్టి, చెంచాను ఆ ముద్దలోనే వదిలేశాడు. అరగంట గడిచినా నాణెం మెరుస్తూనే ఉంది. నాలుగు గుడ్లు వేశాడు. తర్వాత డజను. కంపు మెట్లు దిగింది. గ్యాసు లీకైందని కింది వాటావాళ్లు ఫోన్ చేశారు. పదకొండింటికి ఫైరింజనువాళ్లు, నిపుణురాలు కలిసే తలుపు తట్టారు.

హెల్మెటు మనిషి డబ్బా మూత తీసి వెనక్కి గెంతాడు. "ఏం వండారండీ ఇది?"

"వంట కాదు, చరిత్ర!" అని కసిరాడు పెద్దాయన.

నిపుణురాలు ముక్కు మూసుకుని ముందు చెంచా తీసింది. బొగ్గులా ఉంది. "ఇది అసలు వెండి." తర్వాత నాణెం తీసింది. అద్దంలా ఉంది. పోయిన నలుపు సంగతి, మిషను సంగతి కోడలు చెప్పింది. "ఇది తగరమండీ. అందుకే రెండు నిమిషాలకే ముక్కు అరిగింది. ఆ నలుపు బూటు పాలిష్ అయ్యుంటుంది."

అందరూ చెంచా వంక చూశారు. అది పెద్దాయన భార్య పుట్టింటిది.

"మామయ్యా, అత్తయ్య అప్పుడే..."

"ఎత్తకు. ఈ ఇంట్లో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తడానికి వీల్లేదు. నేను అసలే ఎత్తను."

అన్నమాట ప్రకారం ఆయన మళ్లీ ఎత్తలేదు, ఫొటో వైపు తల కూడా.